కొట్టెయ్యని వాక్యం

కరెంటు పోయింది.

పుల్లయ్య శిల్పశాలలో చెక్కే మిషన్ ఆగిపోయింది. ఆగక ఆగక పెద్దమ్మవారి ముక్కు పక్కనే ఆగింది.

గిర్రున తిరిగి రాయి చెక్కే మొన, ఆ బిట్టు, అంగుళం లోతున రాతిలోనే ఉండిపోయింది.

పుల్లయ్య కూతురు పూర్ణిమ మిషన్ దగ్గరికి ఉరికింది.

ఆళ్లగడ్డలో ఉలి పట్టిన ఇళ్లకు కరువు లేదు. పుల్లయ్య వాళ్లది అందులో పాత ఇల్లు. నలభై ఏళ్లు చేత్తోనే చెక్కిన మనిషికి ఇప్పుడు వేళ్లు వణుకుతున్నాయి. "మిషన్ మీద చేద్దాం నాయనా, పూచీ నాది" అని కూతురే ఒప్పించింది. మిషన్ చేతికి అప్పగించిన మొదటి అమ్మవారు ఈమె.

సాయంత్రం కొత్తపల్లె వాళ్లు ట్రాక్టర్ తెస్తారు. ఎల్లుండే ప్రతిష్ఠ. ముక్కు కొన ఇసుమంత రాలినా అది భిన్నమైన విగ్రహమే. దానికి పూజ ఉండదు. ఏ ఊరూ గుళ్లో పెట్టుకోదు.

పది నిమిషాలకు కరెంటు వచ్చింది. అమ్మవారికి ఇంకా అర చెంప చెక్కాల్సి ఉంది.

పూర్ణిమ కంప్యూటర్ ముందు కూర్చుంది.

ఆ మిషన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఏ కంపెనీ సొత్తూ కాదు. ఓపెన్ సోర్స్. నలుగురూ కలిసి రాసి, నలుగురికీ ఊరికే ఇచ్చింది. ఎలా వాడాలో చెప్పే అధికారిక పుస్తకం నెట్‌లో ఉంది. తెలుగు పుస్తకానికి రెండేళ్లుగా కాపలా పూర్ణిమే. ఎవరు ఏ మార్పు పంపినా ఆమె సరేనంటేనే అందులోకి ఎక్కుతుంది. వాడేవాళ్లు తమ అనుభవం కొద్దీ వేరే రాసుకునే బయటి నోట్సులంటే ఆమెకు ఒళ్లుమంట.

పుస్తకం తెరిచింది.

"కరెంటు పోయి వచ్చాక, ముందుగా యంత్రాన్ని మొదటి స్థానానికి పంపండి" అని ఉంది.

ఒక్క బటన్ నొక్కితే చాలు. వేలు పెట్టింది.

"నొక్కొద్దమ్మా!"

గుమ్మంలో ఎవరో మనిషి. అరవై దాటినవాడు. చంకలో సంచి, చెప్పుల నిండా దుమ్ము.

"ఎవరప్పా నువ్వు?" అన్నాడు పుల్లయ్య.

"మద్దిలేటి అంటారు. నంద్యాల నుంచి వస్తాండా. పూర్ణిమమ్మను అడిగి పుస్తకంలో ఒక వాక్యం కొట్టేయించుకుందామని."

"ఈడ మా ప్రాణాలు పోతాంటే ఇప్పుడా నీ వాక్యం!" అంది పూర్ణిమ.

"దాని గురించే తల్లీ. ఆ బటన్ నొక్కితే బిట్టు పైకి లేవదు. పక్కకు జరుగుతాది. ముందు చేత్తో మర తిప్పి బిట్టు పైకెత్తు. ఆ తర్వాతే బటన్."

"యాడ రాసుంది?"

"బయటి నోట్సులో రాసినా."

"ఆ నోట్సులు నమ్మొద్దని పుస్తకం మొదటి పేజీలోనే పెట్టినా. ఎవరు పడితే వాళ్లు రాసింది నమ్మాల్నా?"

మద్దిలేటి ముఖం వాడిపోయింది.

"నిజమేలేమ్మా. ఎవరు పడితే వాళ్లు రాసింది నమ్మగూడదు" అన్నాడు.

"అయితే పుస్తకం తప్పంటావా?"

"పాత మిషన్లకు సరే. ఈ కొత్తవాటికి తప్పు. మొన్న ఒక శిల్పి అదే చదివి నొక్కినాడు. నంది కొమ్ము పోయింది."

"తప్పని నీకెట్ల తెలుసు?"

మద్దిలేటి తల వంచుకున్నాడు.

"ఆయప్ప చెప్పేది ఇందాం పాపా" అన్నాడు పుల్లయ్య మెల్లగా.

పూర్ణిమ మళ్లీ పుస్తకం వైపు చూసింది. పుస్తకం ప్రకారం చేసి చెడితే తప్పు పుస్తకానిది. ముక్కూ మొహం తెలియని మనిషి మాట విని చెడితే తప్పు తనది. భయపడ్డవాళ్లు ఎప్పుడూ ఇదే లెక్క వేస్తారు.

"బయటికి పోప్పా నువ్వు. నాకు చేతులాడతా లేవు."

"ఒక్క అంగుళం పైకెత్తు తల్లీ" అని దండం పెట్టి ఆయన వెళ్లిపోయాడు.

పూర్ణిమ కళ్లు మూసుకుని బటన్ నొక్కింది.

బిట్టు పైకి లేవలేదు. పక్కకు జరిగింది.

టప్పుమని చిన్న చప్పుడు. శనగ గింజంత నల్లరాయి ఎగిరి పుల్లయ్య పాదాల దగ్గర పడింది.

ఆయన దాన్ని కళ్లకద్దుకున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి అమ్మవారి ముఖానికి కప్పాడు. కూతుర్ని పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేదని పూర్ణిమకు అనిపించింది. కొత్తపల్లెకు ఏమని ఫోన్ చేయాలి?

రోడ్డు మీదికి పరుగెత్తింది. నంద్యాల బస్సు అప్పటికే వెళ్లిపోయింది.

తిరిగొచ్చి కంప్యూటర్ ముందు కూలబడింది. భయం కాస్తా కోపమైంది. ఇంత పని చేయించిన ఆ వాక్యం ఏ మహానుభావుడు రాశాడో చూడాలనుకుంది.

పుస్తకంలో ప్రతి వాక్యం వెనకా దాని చరిత్ర ఉంటుంది. ఎవరు రాశారు, ఎవరు మార్చమన్నారు, ఎవరు కాదన్నారు, అన్నీ. ఇన్నాళ్లూ పూర్ణిమ మార్పులు చూసిందే గానీ పంపినవాళ్ల పేర్లు ఏనాడూ చూడలేదు.

ఇప్పుడు చూసింది.

ఆ వాక్యం తప్పు, దయచేసి తీసేయండని ఈ ఏడాదిలోనే మూడుసార్లు విన్నపం వచ్చింది. మూడుసార్లూ "అధికారిక పుస్తకానికి విరుద్ధం" అని తిప్పి పంపింది తనే.

మూడింటి కిందా మద్దిలేటి అనే ఉంది.

పేజీని ఇంకా కిందికి జరిపింది.

తొమ్మిదేళ్ల కిందట, ఆ ఒక్క వాక్యంతో సహా అధికారిక పుస్తకం మొత్తాన్ని తెలుగులో రాసి ఊరికే ఇచ్చేసిన మనిషి పేరు కూడా అదే.