ఎడమ కాలి మంద్రం

"కొత్త కాలు పెట్టించుకున్నావు, సంతోషం. కానీ ఈ ఆర్గన్ ఒట్టి చేతులతో వాయించేది కాదు కదా, గున్వర్!" అన్నాడు చర్చి సంఘం పెద్ద హెల్గె, కాఫీ కప్పు బల్ల మీద పెడుతూ. "క్రిస్మస్‌కి ముందొచ్చే అడ్వెంట్ ఆదివారం నుంచి, అవతలి ఒడ్డు కుర్రాడు ఎలోఫ్ వాయిస్తాడు. రెండు కాళ్లూ ఉన్నవాడు."

గున్వర్‌కి ఒళ్లు మండింది. ఆ దీవిలో ఎవరి పెళ్లికైనా, ఎవరి చావుకైనా ఆర్గన్ వాయించింది ఆమే. మంద్రస్వరాలన్నీ పాదాల కింది చెక్క మీటల్లో ఉంటాయి. అందులో బాగా లోతైనవి ఎడమ కాలి వాటా. ఆ కాలి స్థానంలో ఇప్పుడున్నది, తొడ ఎముకలో బిగించిన టైటానియం కడ్డీకి తగిలించిన కృత్రిమ కాలు.

"నేను వాయిస్తాను. చూసి మాట్లాడు."

"చూస్తే జాలేస్తుంది. జాలిపడి ఒప్పుకుంటాను. అది నీకూ మర్యాద కాదు, చర్చికీ కాదు."

"అయితే చూడొద్దు! ఆర్గన్ నీ వీపు వెనకాల, పైన ఉంటుంది. తల తిప్పకుండా కూర్చో. మధ్యాహ్నం ఎలోఫ్ వస్తున్నాడుగా, బయటి మెట్ల మీంచి నేరుగా పైకే రమ్మను. ఒకే కీర్తన రెండుసార్లు వినిపిస్తుంది. కొయ్యకాలు ఎందులో ఉందో చెప్పు. చెప్పగలిగితే ఆర్గన్ తాళంచెవి నీ చేతిలో పెట్టి వెళ్లిపోతాను."

హెల్గె అక్కడికక్కడే ఎలోఫ్‌కి మెసేజ్ పెట్టాడు. తన చెవుల మీద అతనికి మహా నమ్మకం.

మధ్యాహ్నం హెల్గె చర్చిలో ముందు వరసలో బలిపీఠం వైపు తిరిగి కూర్చున్నాడు. పక్కన మైకెన్ కూర్చుంది. గున్వర్‌కి కొత్త కాలి మీద నిలబడడం నేర్పిన ఫిజియోథెరపిస్టు ఆమె. గొతెన్‌బర్గ్ నగరం నుంచి పనిగట్టుకుని వచ్చింది.

"పాత కృత్రిమ కాలు తొడకి తొడుక్కునేది. కింద ఏముందో దానికి తెలిసేది కాదు," అంది మైకెన్. "ఇది ఎముకలోనే ఉంది. తూకం యంత్రం మీద కొంచెం కొంచెంగా బరువు మోపించి, ఆ ఎముకని గట్టిపరిచాం. తర్వాత కళ్లకి గంతలు కట్టి తివాచీ మీద, చెక్క మీద, కంకర మీద నడిపించి, కాలి కింద ఏముందో చెప్పమన్నాను. ఒక్కటీ తప్పు చెప్పలేదు."

"కంకరా, కీర్తనా ఒకటేనా తల్లీ?"

"వినండి మరి."

పైన ఆర్గన్ మోగింది. మంద్రస్వరం నేలలోంచి లేచినట్టు బెంచీల్లోకి పాకింది. హెల్గె కళ్లు మూసుకున్నాడు, తెలియకుండానే తల ఊపాడు. కీర్తన అయిపోయింది. పైన ఏవో అడుగుల చప్పుడు, బల్ల జరిపిన చప్పుడు. మళ్లీ అదే కీర్తన మొదలైంది. ఈసారి హెల్గె రెండో చరణానికే పెదవి విరిచాడు.

కాసేపటికి గున్వర్ మెట్లు దిగి వచ్చింది. చేతికర్ర లేదు.

"తేల్చావా?"

"తేల్చేదేముంది? నీది రెండోది. ఎడమ కాలు దుంగలా పడుతోంది. ప్రతి స్వరమూ ఒక క్షణం వెనకే."

మైకెన్ ఏదో అనబోయింది. గున్వర్ కళ్లతోనే వారించింది.

"మరి మొదటిది?"

"అదీ వాయించడమంటే!" హెల్గె లేచి నిలబడ్డాడు. "నాకు ఒళ్లు జలదరించింది. ఈ ఆర్గన్‌కి తగిన పాదాలు అవి. నువ్వు బాధపడినా సరే, నిజం నిజమే. మొదటిసారి వాయించినవాళ్లదే ఆ ఉద్యోగం. ఇంతమంది సాక్షిగా చెబుతున్నా."

వెనక బెంచీల్లో కాఫీకని ఆగిన నలుగురైదుగురూ అవునన్నారు.

"మాట మార్చవుగా?"

"నా నోట్లోంచి వచ్చాక మార్చడమా!"

అప్పుడే పెద్ద తలుపు తోసుకుని ఒక యువకుడు లోపలికి వచ్చాడు. కోటు నిలువునా తడిసిపోయింది, భుజాన సంచీ, చేతిలో వాన నీళ్లు కారుతున్న టోపీ.

"క్షమించాలి, నేను ఎలోఫ్‌ని. గాలికి పడవ ఆలస్యమైంది," అన్నాడు రొప్పుతూ. "పైకి వెళ్లే మెట్లు ఎటువైపు?"