మూల కిటికీ

"ఈ కిటికీ ఎందుకు తెరవలేదండీ?" అని అడిగింది మాస్కు పెట్టుకున్న ఆవిడ.

కార్యదర్శి వినపడనట్టు కుర్చీలు సర్దసాగాడు.

పాటల సంఘం గది మూతపడి ఏడాది దాటింది. ఊరంతా అంటుకున్న జబ్బు ఇప్పుడిప్పుడే తగ్గుముఖం పట్టింది. మూతపడ్డ సంఘాలు జాగ్రత్తగా తెరుచుకునేలా చూసే బృందం ఒకటుందని తెలిసి కార్యదర్శే కబురు పెట్టాడు. వాళ్ళు సరేనంటేనే పాటలు, లేదంటే గదిని గోదాముకి ఇచ్చేస్తానని భవనం యజమాని తేల్చి చెప్పాడు మరి.

ఆ బృందం నుంచి వచ్చింది ఈవిడ. నెరిసిన జుట్టు, భుజాన బరువైన సంచి.

"మిగతా కిటికీలన్నీ తెరిచాం కదండీ. ఇది పనికిరాదు. రెక్క విరిగింది," అన్నాడు కార్యదర్శి.

"విరగలేదు. మేకులు కొట్టారు."

ఆవిడ సంచిలోంచి దారప్పోగు తీసి ఆ మూల పట్టుకుంది. పోగు కదల్లేదు.

"చూశారా? ఇక్కడ గాలి ఆడటం లేదు. నలుగురూ గొంతెత్తి పాడే గది ఇది. ఈ కిటికీ తెరవందే నేను సరేననలేను."

కార్యదర్శి చూపు ఆ మూలకి వెళ్ళింది.

ఆ మూల కూర్చునేవాడు మంద్రం బాబాయి. అందరికన్నా కింది స్వరంలో పాడతాడని సంఘమంతా ఆయన్ని అలాగే పిలిచేది. అసలు పేరు చాలామందికి తెలియదు కూడా.

గది మూతపడే ముందు చివరిసారి పాడిన రోజది. పోటీ దగ్గరపడింది. పాటల గోలతో చెవులు పోతున్నాయని పై అంతస్తు వాళ్ళు ఫిర్యాదు చేశారు. కార్యదర్శి కిటికీలన్నీ మూయించాడు. మూల కిటికీ గడియ వదులై ఊరికే తెరుచుకుంటుంటే తనే మేకులు దిగ్గొట్టాడు.

"ఉడికిపోతున్నానురా అబ్బాయ్. ఇదొక్కటీ తెరవరాదూ?" అన్నాడు బాబాయి.

"ఒక్క సాయంత్రం ఉక్కపోస్తే ప్రాణాలేం పోవులే బాబాయ్!"

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా బాబాయే నవ్వాడు.

ఆ వారమే సగంమంది మంచం పట్టారు. అందరూ లేచారు. బాబాయి ఒక్కడే లేవలేదు. ఆఖరి చూపుకి కూడా ఎవరినీ వెళ్ళనివ్వలేదు.

కార్యదర్శిని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అదే అతనికి మింగుడుపడలేదు. ఇప్పుడు ఆ మేకులు ఊడబెరికితే తప్పంతా తనదేనని నలుగురిలో ఒప్పుకున్నట్టే.

"సుత్తి ఉందా?" అని అడిగింది ఆవిడ.

"లేదు."

ఆవిడ సంచిలోంచి మేకులు పీకే సుత్తి తీసింది. తనిఖీకి సుత్తి పట్టుకొచ్చేవాళ్ళని కార్యదర్శి ఎక్కడా చూడలేదు.

మొదటి మేకు కీచుమంటూ ఊడింది. అతని సహనం కూడా దాంతోపాటే ఊడింది.

"ఆగండి! ఈ గది సంగతి మీకేం తెలుసు? ఇలా వచ్చి అలా పోయేవాళ్ళు! మీకేం, మీవాళ్ళెవరూ ఇక్కడ పాడరుగా!"

ఆవిడ చెయ్యి ఆగింది.

"నిజమే," అంది చిన్నగా. "ఎవరూ పాడరు."

మిగిలిన మేకులు కూడా పీకి కిటికీ తోసింది. చల్లటి గాలి మొహానికి కొట్టింది. చేతిలోని దారప్పోగు ఊగింది.

గోడకి ఆనించిన మడత కుర్చీ ఒకటి తెచ్చి ఆ మూల వేసింది. "ఇక్కడ కూడా ఒకరు కూర్చోవచ్చు. ఇప్పుడు గాలి బాగా వస్తుంది."

యజమానికి సరేనని చెప్పి వెళ్ళిపోయింది. కార్యదర్శి కనీసం మంచినీళ్ళు కావాలా అని కూడా అడగలేదు.

ఆవిడ గుమ్మం దాటగానే ఆ కుర్చీ మడిచి మళ్ళీ గోడకి ఆనించాడు. బాబాయి చోట కుర్చీని చూడటం అతని వల్ల కాలేదు.

పాటలు మొదలయ్యాయి. దూరం దూరంగా కుర్చీలు, అన్ని వైపుల నుంచీ గాలి.

"కార్యదర్శిగారూ, గాలికి నా పాట కాగితం ఎగిరిపోయింది!"

"పోనీలే. నువ్వు పాడకపోతే పాట బాగుంటుంది," అన్నారు వెనక నుంచి ఎవరో.

గది ఘొల్లుమంది. కార్యదర్శి కూడా నవ్వబోయి మూల ఖాళీని చూసి ఆగిపోయాడు.

అంతలో పైన అలికిడైతే కిటికీలోంచి తొంగిచూశాడు. పై అంతస్తు వాళ్ళు బాల్కనీలోకి వచ్చారు. గొడవకే అనుకున్నాడు. వాళ్ళు పిట్టగోడకి ఆనుకుని వింటూ నిలబడ్డారు. ఇన్నాళ్ళూ నిశ్శబ్దంతో వాళ్ళూ విసిగిపోయినట్టున్నారు. ఆ రోజు ఒక్కసారి పైకెళ్ళి బతిమాలుకుని ఉంటే సరిపోయేదేమో. మేకులు కొట్టడమే తేలికనిపించింది తనకి.

వారాలు గడిచాయి. ఎవరికీ చిన్న జ్వరం కూడా రాలేదు.

ఒక సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక కార్యదర్శి ఫోన్ తీశాడు. 'బాబాయి' అన్న నంబరు ఇంకా చెరపలేదు. ఇన్నాళ్ళూ నొక్కనూ లేదు.

అవతల ఒక ఆడగొంతు పలికింది.

"పిన్నిగారూ, నేను పాటల సంఘం కార్యదర్శిని. మీరు నన్నెప్పుడూ చూసి ఉండరు. బాబాయి పోయాక ఒక్కసారైనా పలకరించలేదు. మొహం చెల్లలేదు."

కార్యదర్శి మూల కిటికీ దగ్గరికి నడిచాడు.

"ఆ రోజు కిటికీకి మేకులు కొట్టింది నేనే పిన్నిగారూ. తెరవమని ఆయన అడిగారు కూడా."

"తెలుసు బాబూ. ఇంటికొచ్చి ఆయనే చెప్పారు. మీరన్న మాట కూడా చెప్పి నవ్వారు."

ఆ గొంతు ఎక్కడో విన్నట్టుంది. కార్యదర్శి కళ్ళు గోడకి ఆనించిన మడత కుర్చీ మీద పడ్డాయి.

"ఆ మూల నేను వేసిన కుర్చీ అలాగే ఉంచారా బాబూ?" అని అడిగింది ఆవిడ.