నిద్ర లేపినవాడు

"పెద్దాయన్ని అలా కుదిపేస్తారేంటి బాబూ?"

పెద్దిరాజు కుర్చీలోంచి లేచిపోయాడు.

పెళ్ళిచూపులకొచ్చిన మిలట్రీ అబ్బాయి కాఫీ గ్లాసు పక్కన పెట్టి, అరుగు మీదకెళ్ళి, గురకపెట్టి పడుకున్న పెద్దిరాజు తండ్రి బుల్లియ్యని భుజాలు పట్టి లేపేశాడు.

"ఎవడ్రా నువ్వు?" బుల్లియ్య బెదిరిపోయాడు.

"గురక ఆగిపోయిందండి," అన్నాడు అబ్బాయి.

"ఆగితే మంచిదేగా! ఇందాకట్నించి ఎప్పుడాగుద్దా అని చూస్తన్నాం," అన్నాడు పెద్దిరాజు.

"అలవాటండి. ఏమనుకోకండి."

అబ్బాయి పేరు లోవరాజు. తునివైపు వాళ్ళు. లడఖ్ కొండల మీద మిలట్రీ లారీ నడుపుతాడు.

వాళ్ళు వెళ్ళాక బుల్లెమ్మ మొగుడు పెద్దిరాజు మొహంలోకి చూసింది.

"కుర్రాడు బానే ఉన్నాడు కదండీ. అమ్మాయికీ నచ్చినట్టుంది."

"బుర్ర బాలేదు. మనిషిని ఒక్కసారి చూస్తే చెప్పేస్తాను నేను. పడుకున్నోళ్ళని లేపేవాడు నీ కూతుర్ని నిద్రపోనిస్తాడా?"

వద్దని కబురెళ్ళింది.

పెద్దిరాజు అంతటితో ఊరుకోలేదు. రావులపాలెం అరటిగెలల మార్కెట్లో కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు.

"తుని మిలట్రీవాడా? పిల్లనివ్వకండి. పిచ్చోడు."

ఏడాది తిరక్కుండా పెళ్ళిళ్ళ పేరయ్య ఇంకో సంబంధం తెచ్చాడు. మురళీకృష్ణ. ఇతనిదీ మిలట్రీయే. నెమ్మదస్తుడు. కూతురు దుర్గాశ్రీ పెళ్ళయిపోయింది.

అల్లుడు సెలవు మీదొచ్చాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర పెద్దిరాజు పాత కథ ఎత్తుకున్నాడు.

"మీకంటే ముందు ఒకడొచ్చాడు అల్లుడుగారూ. లోవరాజని. గురక ఆగిందని మా నాన్నని లేపి కూచోబెట్టాడు!"

విరగబడి నవ్వాడు.

మురళీకృష్ణ నవ్వలేదు. అన్నం కలిపే చెయ్యి ఆగింది.

"మేముండే లడఖ్ కొండల మీద గాలి పల్చనండి మావయ్యగారూ. నిద్రలో ఊపిరి ఆగిపోద్ది. కాసేపటికి మళ్ళీ అదే అందుకుంటుంది. అందరికీ అంతే."

"అయితే లేపడం దేనికి?"

"కొత్తగా వచ్చినోళ్ళలో ఎవరో ఒకరికి ఛాతీలో నీరు చేరుద్దండి. అది నిద్రలో ముదురుద్ది. అందుకని లోవరాజుగారు తన నిద్ర మానుకుని మా ఊపిరి వింటూ కూచునేవారు. ఆగితే లేపి చూసేవారు."

"ఎవరన్నా పోయారా బాబూ?" అంది బుల్లెమ్మ.

"ఆయనుండగా ఎవరూ పోలేదండి. ఒకడు మాత్రం పోవల్సినవాడే. పెదాలు నీలంగా మారిపోయాయి. లేపి, లారీలో వేసుకుని, మంచులో కిందికి దింపేశారు."

"ఎవరా ఒకడు?"

"నేనేనండి."

వడ్డిస్తున్న దుర్గాశ్రీ చేతిలో గరిటె గిన్నెకి తగిలింది.

"ఆ అబ్బాయికి పెళ్ళయిందా?" బుల్లెమ్మ గొంతు తగ్గింది.

"లేదండి. పిచ్చోడని ఎవరో చెప్పారంట. ఒక్క సంబంధమూ రావట్లేదు."

పెద్దిరాజు మంచినీళ్ళు తాగాడు. ఇంకోసారి తాగాడు.

"మా సంబంధం మీకు పేరయ్యే కదా చెప్పాడు?"

"పేరయ్య తర్వాతండి," అన్నాడు అల్లుడు. "ముందు మీ అమ్మాయి ఫొటో నా చేతిలో పెట్టి, 'మంచివాళ్ళు, వెళ్ళి చూడు తమ్ముడూ' అన్నది లోవరాజుగారేనండి."