ఒక్క తప్పూ చేయని సారు

వాయించడం అయిపోగానే తిరుమల లేవలేదు. జేబులోంచి రుమాలు తీసి పియానో మీటలను ప్రేమగా తుడవసాగాడు. చప్పట్లు కొడుతున్న జనం 'ఆహా, ఎంత భక్తి!' అనుకున్నారు. ఆ రుమాలు చాటున చిటికెలో అంటుకునే చిన్న గమ్ము ట్యూబు ఉంది. నడిమధ్యన ఉన్న తెల్లమీట సందులో రెండు చుక్కలు పడ్డాయి. తరువాత వాయించబోయేది మమతారాణి మరి.

కరీంనగర్‌లోని ఆ ప్రైవేటు బడికి పియానో టీచర్ కావాలి. కొలువు ఒకటే, వచ్చింది ఇద్దరు. కరస్పాండెంట్ భానుప్రసాద్ ఒకప్పుడు ఎంట్రెన్స్ కోచింగుల్లో లెక్కలు చెప్పినవాడు, సంగీతాన్నీ అలాగే దిద్దుతాడు. ఇద్దరికీ ఒకటే పాట, తప్పు మీట నొక్కితే మార్కు కోత. భావం, మాధుర్యం లాంటివి సిలబస్‌లో లేవు.

ఈ పద్ధతి తిరుమల కోసమే పుట్టినట్టుంది. ఊళ్లో ఆయన్ని 'తప్పు చేయని సారు' అంటారు. ఎంత గొప్ప పియానో విద్వాంసులైనా నిండు సభలో ఎక్కడో ఒకచోట తప్పు మీట నొక్కుతారు, అందుకు ఎవరూ ఏమీ అనుకోరు. తిరుమల అనుకునేవాడు.

"గా రష్యావోళ్లు, జర్మనీవోళ్లు మస్తు పెద్దోళ్లే, నేను కాదన. కని చెయ్యి శుద్ధంగ లేదు" అని వాళ్లమీద జాలిపడేవాడు, పాపం. మైకువాళ్లనూ నమ్మడు. తన స్పీకర్లు తానే తెచ్చుకుని, తానే బిగించుకుంటాడు; ఈ బడి కరెంటు పియానోకూ అంతే. మహానుభావులకు ఆ మాత్రం చాదస్తం ఉంటుంది కదా!

మమతారాణిది చెన్నూరు. సికింద్రాబాద్ హాస్టల్లో ఉండి పియానో నేర్చుకుంది. ఈ కొలువు రాకపోతే మళ్లీ పెళ్లి బరాత్ బండెక్కి, డీజే మోతలో కీబోర్డు కొట్టాలి. అది తలుచుకుంటేనే ఆమెకు ఏడుపొస్తుంది. ఆ పొద్దున ఆమె ఖాళీ హాలులో పాట సాధన చేస్తుంటే తిరుమల కిటికీ అవతల నిలబడి విన్నాడు. ఒక్క వేలూ జారలేదు. ఆయన నోట్లో చాయ్ చేదెక్కింది. అటునుంచి అటే గమ్ము కొనడానికి పోయాడు.

మమతారాణి కూర్చుని మొదలుపెట్టింది. నడిమి మీట దిగలేదు. గట్టిగా నొక్కింది. ఊహూఁ. ఆ స్వరం రావలసిన ప్రతిచోటా, ముందుపన్ను ఊడిన నోటిలా పాటలో ఒక ఖాళీ. భానుప్రసాద్ ఎర్ర పెన్ను మహా హుషారుగా కదిలింది.

"సార్, గీ మీట దిగుతలేదు. జర చూడుండ్రి" అంది మమతారాణి.

"ఆడలేక మద్దెల ఓడన్నదట ఎనకట ఒకామె" అన్నాడు తిరుమల. "గిప్పుడే నేను వాయిస్తి గదమ్మా! అప్పుడు మంచిగనే ఉండె."

హాలంతా ఘొల్లుమంది. భానుప్రసాదూ నవ్వాడు. "మీరు మైనస్‌ల ఉన్నరు మేడం. ఇగ కూసోండ్రి" అన్నాడు. కుర్చీలోంచి లేచి ఆ మీటను చూసే ఓపిక ఆయనకు లేదు. మమతారాణి దిగివచ్చి మొదటి వరుస చివర్న కూర్చుని చున్నీతో కళ్లు తుడుచుకుంది.

తిరుమల భుజాలమీద శాలువా కప్పుతుండగా ముఖ్య అతిథి కైలాసం దిగబడ్డాడు. గ్రానైట్ వ్యాపారి, బడికి ఆ పియానో కొనిచ్చిన దాత. సభ పొద్దున మొదలైతే ఆయన వచ్చింది భోజనాల వేళకు. మన దగ్గర ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తే తప్పు ఆయనది కాదు, ఆగకుండా మొదలుపెట్టినవాళ్లది. కాబట్టి ఆర్పిన జ్యోతిని మళ్లీ వెలిగించారు, పాడిన ప్రార్థన మళ్లీ పాడారు.

"ఏందీ, నేను రాకముందే వాయించిండా? గట్లెట్ల! పియానో కొనిచ్చినోన్ని నేను" అన్నాడు కైలాసం. "మల్లొకసారి వాయించుమనుండ్రి."

మమతారాణి తలెత్తి చూసింది.

తిరుమల క్షణమైనా వెనకాడలేదు. ఎదురుగా కైలాసం, భుజాన శాలువా, వీడియోలు తీస్తున్న ఫోన్లు. ఇంకేం కావాలి? కూర్చుని, కళ్లు మూసుకుని, మొదలుపెట్టాడు. అబ్బబ్బా, ఏమి వాయింపు! జుట్టు ఎగిరింది, భుజాలు ఊగాయి. మొదటినుంచి చివరిదాకా ఎక్కడా ఒక్క ఖాళీ లేదు, ఒక్క స్వరం తప్పలేదు. కైలాసం లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆయన లేచాడు కనుక అందరూ లేచారు.

"చూసిండ్రా మేడం?" అన్నాడు భానుప్రసాద్. "గదే పియానో. మైనస్ లేదు."

మమతారాణి విసురుగా వేదిక ఎక్కింది. ఏడ్చి ఎర్రబడ్డ కళ్లలో ఇప్పుడు కోపం ఉంది.

"సార్, ఒక్కసారి ఇటు రాండ్రి. మీ చేత్తోని మీరే గీ నడిమి మీట ఒత్తుండ్రి."

భానుప్రసాద్ నొక్కాడు. దిగలేదు. బొటనవేలితో బలంగా నొక్కాడు. దిగలేదు. కైలాసం కూడా వచ్చి ఒక చెయ్యి వేశాడు. మీట కదిలితే ఒట్టు. వంగి చూస్తే, సందులో ఎండిన గమ్ము మెరుస్తోంది. అయినా ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తిరుమలకు మాత్రం అర్థమైంది. శాలువా కొంగుతో చెమట తుడుచుకుంటూ మెట్లవైపు జరిగాడు.

"నాకు గీ మీట దిగక పాటల సందులు వడ్డయి సార్. తిరుమల సారుకు ఒక్క సందన్న వడలే" అంది మమతారాణి. "ఎట్ల వడ్తది? ఎన్నడన్న సారు వాయిస్తే గద, గా స్పీకర్లల్ల వాయించేది ఆయన జేబుల ఫోనాయె!"