ఓడెల్ దొరికాడు

"ఓడెల్ దొరికాడండీ" అంది ఫోన్‌లో తమీకా.

వెర్నీటా పొయ్యి మీది గిన్నె దించబోతూ ఆగిపోయింది. పొయ్యి ఆర్పి, గోడకు చేరగిలబడింది.

"ఎక్కడ?" అని అడిగింది.

"డెట్రాయిట్‌లో. ఓ చిన్న బార్‌లో పాడుకుంటున్నాడు."

"పాడుకుంటున్నాడా?"

"నిక్షేపంగా. మీ ఆయన బతికే ఉన్నాడు, మిస్ వెర్నీటా."



తమీకా సినిమా కంపెనీ మనిషి. అరవైల నాటి షికాగో హత్యల మీద వాళ్లు ఓ సినిమా తీశారు. అందులో ఉన్నవన్నీ ఆ కాలపు సోల్, బ్లూస్ పాటలే. వాటినిప్పుడు ఆల్బమ్‌గా తెస్తున్నారు. మొదటి పాట ఓడెల్ ప్రాథర్‌ది. వెనక గొంతు కలిపింది వెర్నీటా.

ఓడెల్ రికార్డు చేసిన పాట అదొక్కటే. ఆ చలికాలంలోనే మాయమయ్యాడు. పోలీసులు వచ్చారు, అడిగారు, వెళ్లారు. ఎవత్తెనో లేవదీసుకుపోయాడంది షికాగోలో వాళ్లుండే సౌత్ సైడ్ పేటంతా. వెర్నీటా ఔననలేదు, కాదనలేదు. మళ్లీ పెళ్లీ చేసుకోలేదు.

"ఆయన దగ్గర పాత కాగితాలేవీ లేవు. అయినవాళ్లంతా పోయారు. గుర్తుపట్టాల్సింది మీరే. శనివారం స్టూడియోకొచ్చి ఒక్క మాట చెప్పండి" అంది తమీకా.

"నేను రాకపోతే?"

"అనుమానం మిగిలిపోతుంది. ఈయన కాదని తేలితే అసలు మనిషి కోసం మళ్లీ మొదట్నుంచీ వెతుకుతాం. పోలీసుల పాత ఫైలు తెరిపిస్తానంటున్నాడు మా డైరెక్టరు. పట్టుకుంటే వదిలే రకం కాదు."

"వస్తాను" అంది వెర్నీటా.

శనివారం కారు నడిపింది లొరేన్. చర్చి పాటల బృందంలో స్నేహితురాలు, పడుచుతనం నుంచీ ఎరిగిన మనిషి.

"ఇన్నేళ్లకి మొగుడొస్తుంటే ఆ మొహమేంటే? కాస్త లిప్‌స్టిక్ అయినా రాసుకో."

"నోర్ముయ్యవే."

"నేనైతే ముందు చెప్పు తీసేదాన్ని. వాడు నీ జబ్బ విరిచింది మర్చిపోయావా?"

వెర్నీటా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

స్టూడియోలో ఆ పాటే మోగుతోంది. పడుచు ఓడెల్ గొంతు గదినంతా నింపేసింది. నన్ను వెతకొద్దే పిల్లా, నేనున్న చోటికి వెలుగు రాదు. ఆ వెనకే సన్నగా వెర్నీటా గొంతు.

టోపీ చేత్తో పట్టుకుని ఓ ముసలాయన లేచి నిలబడ్డాడు. పొడగరి. బక్కపలచని మనిషి.

వెర్నీటాకు ఒక్క చూపుతో తెలిసిపోయింది. ఓడెల్ ఎడమ కనురెప్ప పుట్టుకతోనే వాలి ఉండేది. ఈయన కళ్లు రెండూ తిన్నగా ఉన్నాయి.

ముసలాయన దగ్గరికొచ్చి ఆమెను కావలించుకున్నాడు.

"కాదనకమ్మా" అన్నాడు చెవిలో. "ఆ పేరు చెప్పుకునే పాడాను, తిన్నాను. ఈ వయసులో నన్ను రోడ్డున పడెయ్యకు."

అతని పట్టు బిగుసుకుంది. వెర్నీటా విడిపించుకుని వెనక్కి జరిగింది.

పాట ఆగింది. డైరెక్టరు కళ్లు ఆమెనే చూస్తున్నాయి.

"ఏమంటారు, మిస్ వెర్నీటా?" అంది తమీకా.

వెర్నీటా ముసలాయన మొహంలోకి చూసింది. తర్వాత డైరెక్టరు వైపు.

"ఈయనే" అంది. "మా ఆయనే."

చప్పట్లు మోగాయి. ముసలాయన టోపీలో మొహం దాచుకుని ఏడ్చాడు. డైరెక్టరు వచ్చి వెర్నీటా చేతులు పట్టుకున్నాడు.

 తిరిగి వెళ్తుంటే వెర్నీటా ఇంటి సందు మలుపు దగ్గర లొరేన్ కారు నెమ్మది చేసింది.

"నాకూ కళ్లున్నాయే. వాడు ఓడెల్ కాదు."



"ముసలాడి మీద జాలిపడ్డావు కదూ? నీది మరీ మెత్తని మనసే."

"ఏమో, జాలేసింది" అంది వెర్నీటా.

లొరేన్ ఆమెను గుమ్మం ముందు దింపి వెళ్లిపోయింది. వెర్నీటా లోపలికెళ్లి తలుపు గడియ పెట్టుకుంది.

అసలు ఓడెల్‌ను ఆ చలికాలంలో ఆ ఇంటి బేస్‌మెంట్ మట్టినేలలో పాతిపెట్టి, పైన సిమెంటు పోసింది ఆమే.