పలకని పెట్టె

“పలకట్లేదురా గోపీ!” అంది ఉష, ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని. “సర్వరు లేచినాది. పెట్టి లైట్లు కూడా పచ్చగా వెలుగుతన్నాయి. కానీ సర్వరుకి పెట్టి కనబడట్లేదు.”

విజయనగరంలో కంప్యూటర్ల ఉద్యోగం చేసుకుంటున్న తమ్ముడు గోపి అవతల నవ్వాడు. “కంగారు పడకక్కా. వైరు ఒకసారి తీసి పెట్టు.”

“తీసాను, పెట్టాను, దండం కూడా పెట్టాను.”

రాజాంలో ఉష నడిపే వీడియో స్టూడియోకి ప్రాణమంతా ఆ స్టోరేజీ పెట్టెలోనే ఉంది. తీసిన పెళ్ళిళ్ళన్నీ అందులో దాచి, సర్వరు ద్వారా తెరుస్తుంది. పొద్దున్న ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఇన్వర్టరు బ్యాటరీ రిపేరుకి వెళ్ళి ఉండటంతో అన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. విచిత్రమేమిటంటే, కింద అనిత టైలరింగ్ షాపులో మిషను మోటారు ఆగనే లేదు. ఉష దిగి చూస్తే మెట్ల కింద స్టూడియో మెయిన్ స్విచ్ పడిపోయి ఉంది. ఏసీ లోడుకి పడిపోయిందనుకుని పైకి లేపింది. అక్కడే మొదటి మెట్టు మీద, మోకాళ్ళు పట్టుకుని ఆయాసపడుతూ లక్ష్మణమ్మ కనిపించింది. ఉషే చెయ్యందించి ఆవిడని పైకి తీసుకొచ్చింది.

ఇవాళ ఇవ్వాల్సింది ఆ లక్ష్మణమ్మ కొడుకు పెళ్ళి వీడియోనే. సాయంత్రం పాతపట్నం నుంచి వియ్యాలవారు వస్తారు, అందరూ కూర్చుని చూస్తారు. కెమెరా కార్డులు తుడిచేసి ఇంకో పెళ్ళికి వాడేసింది కూడా. ఈ పెట్టె తెరుచుకోకపోతే రాజాంలో ఇంకెవరూ ఉషని పెళ్ళికి పిలవరు. ఆ పెళ్ళి మళ్ళీ చేయించి తీయలేం కదా!

ఇంకొకరైతే ఈపాటికి స్టూడియో పీకి పందిరి వేసేవారు. లక్ష్మణమ్మ మాత్రం కుర్చీలో చల్లగా కూర్చుంది.

“పోతే పోనీయే అమ్మా. పెళ్ళయిపోనాది, పిల్లలు సుకంగున్నారు. బొమ్మల్లో ఏటున్నాది?”

ఉషకి కళ్ళు చెమర్చాయి. నిన్న వచ్చినప్పుడూ అంతే. “ఆ ఊరేగింపు కోసియ్, నీకు పని తగ్గుతాది” అంటూ ఉష కష్టం గురించే మాట్లాడింది. బ్యాటరీ లేదు, ఇప్పుడు కరెంటు పోతే కొంప మునుగుతుందని ఉష చెబితే, ఎలా మునుగుతుందో ఎంత శ్రద్ధగా అడిగి తెలుసుకుందో!

“అయితే పక్కాగా పోయినట్టేనా?” అని అడిగింది లక్ష్మణమ్మ.

“అలా అనకండమ్మా, సూద్దాం.”

“నాను మా అసిరితల్లికి మొక్కీసుకున్నాన్లే. కోడిపుంజునిత్తానన్నాను. ఆయమ్మే సూసుకుంటాది. నువ్వు ముందు టీ తాగు. అదే పనిగా ఆ పెట్టి ముందు కూకుంటే కళ్ళు పోతాయి.”

“ఒరే, ఇలాటి కస్టమరు దేశంలో ఉండదురా” అంది ఉష ఫోన్లో గుసగుసగా.

“సర్లే, పింగు కొట్టు. పెట్టి నంబరుకి పిలిచి సూడు, పలుకుతాదేమో.”

“కొట్టాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.”

“రౌటరు పేజీ తెరువు. దానికి ఎవులెవులు తగులుకుని ఉన్నారో కనబడతాది. పెట్టి ఉన్నాదా?”

ఉష తెర మీద వెతికింది. “ఉన్నాదిరా! కానీ నంబరు వేరే ఉన్నాది.”

గోపి పెద్దగా నవ్వాడు. “అదీ సంగతి! కరెంటు పోయొచ్చేసరికి రౌటరు దానికి కొత్త నంబరిచ్చీసినాది. పెట్టి ఇల్లు మారిపోనాది, నీ సర్వరేమో పాతింటి తలుపే కొడతన్నాది. ఎవుడు పలుకుతాడు? సర్వర్లో కొత్త నంబరు రాసి మళ్ళీ ఎక్కించు.”

లక్ష్మణమ్మ కుర్చీ అంచుకి జరిగింది. కళ్ళు గట్టిగా మూసుకుని పెదాలు కదుపుతోంది. పాపం, ఎంత ఆరాటమో అనుకుంది ఉష.

అంతలో లక్ష్మణమ్మ కోడలు హేమ అన్నం క్యారేజీ పట్టుకుని వచ్చింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి, అత్తగారి మోకాళ్ళ నొప్పుల పుణ్యమా అని, నీళ్ళు తోడటం, కళ్ళాపి చల్లటం, అత్తకి మంచం దగ్గరికే అన్నం అందించటం అన్నీ హేమే.

“ఈ మెట్లెందుకు ఎక్కినారత్తా? మీ మోకాళ్ళు ఏటైపోవాలి?”

“నా బంగారుతల్లి, నన్ను మంచం దిగనివ్వదు” అంది లక్ష్మణమ్మ నీరసంగా. “పెట్టి పాడైపోనాదట. పద, ఎల్లిపోదాం.”

“ఆగండమ్మా!” ఉష కొత్త నంబరు కొట్టి మీట నొక్కింది. తెర మీద పెళ్ళిళ్ళన్నీ వరసగా తెరుచుకున్నాయి. ఉష ఆనందం పట్టలేక కేక పెట్టి, ఆవిడ కొడుకు పెళ్ళిలో చేతికందిన వీడియో నొక్కేసింది.

ఊరేగింపు వచ్చింది. బేండు హోరెత్తుతోంది. పెళ్ళికొడుకు కారు ముందు లక్ష్మణమ్మ కొంగు నడుముకి దోపుకుని గంతులు వేస్తోంది. గొంతుక్కూర్చుని లేస్తోంది, మళ్ళీ కూర్చుని లేస్తోంది. అలిసిపోయి ఆగబోతున్న బేండువాళ్ళని ఆగనివ్వడం లేదు. ఆ వేళ పెళ్ళికూతురిగా లోపల ముస్తాబవుతున్న హేమకి ఈ వైభోగం చూసే భాగ్యం కలగలేదు.

హేమ తెర వైపు చూసింది. అత్తగారి మోకాళ్ళ వైపు చూసింది. క్యారేజీని నెమ్మదిగా ఆవిడ ఒళ్ళో పెట్టింది.

“అత్తా, రేపట్నుంచి నీళ్ళు మీరు తోడతారా, కళ్ళాపి మీరు సల్లుతారా?”

ఉష ఇంకా సంబరంలోనే ఉంది. “సూసారా అమ్మా, అసిరితల్లి మీ మొక్కు విన్నాది!”

లక్ష్మణమ్మ తలెత్తి పైకప్పు వైపు కొరకొరా చూసింది.

“మెయిన్ స్విచ్చాపి నా పని నాను సేసినాను, నీ పని నువ్వు సెయ్యలేదు గదే తల్లీ!”