నడిపేది నేను

అక్క చనిపోయిన నెల రోజులకు, ఆమె కూతురు నిహిర మా చిన్ననాటి కంప్యూటర్ ఆటను గోడ మీదకు తెప్పించింది. ఇప్పుడు ఆటలకు మీటలు లేవు. నుదుటికి పట్టీ కట్టుకుని మనసులో అనుకుంటే చాలు. బడి నుంచి రాగానే కూర్చున్నాను. బొమ్మ బాగానే నడిచింది, గొయ్యి రాగానే పడిపోయింది. ఐదుసార్లు ఆడినా అంతే.

"దూకాలనుకో పిన్నీ! ఊరందరికీ పాఠాలు చెప్తావు, ఇది రాదా?"

"నాకు దూకడం రాదే. అప్పుడు ఇద్దరికీ ఒకటే కీబోర్డు. నేను నడిపేదాన్ని, మీ అమ్మ దూకించేది."

నిహిర దగ్గరకు జరిగి, పట్టీ వదులు చేసి, ఇద్దరి తలలకూ కలిపి చుట్టింది.

"ఎప్పుడు దూకించాలో చెప్పు."

గొయ్యి వచ్చింది. "ఊఁ" అన్నాను. బొమ్మ దాటింది.

"ఇంకా గోతులున్నాయా పిన్నీ?"

"చాలా ఉన్నాయి. తల కదపకు."